మడతమ్మ మెచ్చుకోలు

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మడతమ్మ అంటే మాత్రం పాలు పోసే మనిషి దగ్గర్నుంచి మూడో అంతస్తు టీచరమ్మ దాకా అందరికీ తెలుసు. ఇస్త్రీ అయిన చొక్కాను భుజాలు పట్టుకుని వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. అక్కర్లేని మడత ఒక్కటి కంటబడితే చాలు, దాని మీద నీళ్లు చల్లి, ముద్ద చేసి, బల్ల మీదికి విసిరేది. చేసింది ఎవరన్న మొహమాటం లేదు. మొగుడు బతికున్నన్నాళ్లూ ఆయన చేసిన చొక్కాలే ముద్దలయ్యేవి. ఆయన పోయాక ఆ భాగ్యం కోడలికి దక్కింది.

నాలుగంతస్తుల భవనం మెట్ల కింద వాళ్ల కొట్టు. మెట్లు ఏటవాలుగా దిగేచోట మనిషి నిలబడితే తల తగులుతుంది కాబట్టి అక్కడ మూటలు పెట్టుకున్నారు. నిలబడగలిగిన చోట బల్ల. బల్ల మీద మడతలు వేసి పరిచిన పాత కంబళి, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ నిండా వాతలు. పెట్టెలు రెండు. బొగ్గుల పెట్టె అత్తది, కరెంటు పెట్టె కోడలిది. కరెంటు పెట్టె బట్టను నాకుతుందే గానీ నొక్కదని అత్త వాదం. కొట్టు వెనకే ఒక గది. వండుకోవడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ అందులోనే. కొడుకు లారీ తోలతాడు. ఇంటికి వచ్చినప్పుడు తింటాడు, నిద్రపోతాడు, మళ్లీ లారీ ఎక్కుతాడు. ఏదైనా అడిగితే, మీరిద్దరూ ఉన్నారుగా, చూసుకోండి అంటాడు.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టె ఎటు పట్టుకోవాలో ఎరగదు. నేర్పింది అత్తే. నేర్పడమంటే ఒళ్లో కూచోబెట్టుకుని చెప్పడం కాదు. "ఆ కాలరేమిటే, గేదె నమిలినట్టుంది" అనడం.

"గేదె కాబట్టి నమిలి వదిలేసింది అత్తయ్యా. మీరు చేసినదైతే మింగేసేది," అనేది కోడలు, తలెత్తకుండానే.

"నోటికున్న వాడి చేతికుంటే ఈపాటికి మేడ కట్టేవాళ్లం."

ఇలా సాగుతూ సాగుతూ ఎన్నేళ్లయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈలోగా కోడలి చెయ్యి తిరిగింది. తిరగడమే కాదు, అత్త చేతిని దాటి వెళ్లిపోయింది. టీచరమ్మ తన బట్టలు తెచ్చినప్పుడు, "ఇవి చిన్నావిడకి ఇవ్వండి" అని మెల్లిగా అనడం మడతమ్మ చెవిన పడకపోలేదు. కోడలు గదిలోకి వెళ్లినప్పుడు ఆవిడ ఆ చొక్కాలు తీసి వెలుతురులో పెట్టి చూసేది. రెండు కళ్లూ తెరిచి చూసేది. మళ్లీ ఏమీ ఎరగనట్టు దొంతరలో పెట్టేసేది. ఒక్కనాడూ ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. పొగిడితే చెయ్యి బద్ధకిస్తుందని ఆవిడ నమ్మకం. ఆవిణ్ని కూడా ఎవరూ పొగిడి పెంచలేదు.

అలాంటి సంసారంలో కోడలికి రొమ్ములో గడ్డ వచ్చిపడింది.

మొదట చెప్పింది అత్తకే. మర్నాడు పొద్దున్నే కొట్టు మూసి ఆసుపత్రికి తీసుకెళ్లింది మడతమ్మ. కొట్టు మూసిన రోజంటే మొగుడు పోయినరోజు తర్వాత అదే. పరీక్షలు చేసి క్యాన్సరన్నారు. కుడివైపు ఆపరేషను చేశారు, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. తర్వాత మందులెక్కించారు, జుట్టంతా రాలిపోయింది. తర్వాత రేడియేషనని కరెంటు పెట్టారు. కోడలు ఒక్కసారే ఏడ్చింది, అదీ దువ్వెనకు జుట్టు కుచ్చుగా ఊడి వచ్చినప్పుడు. "ఏడవకే, నెత్తికి నూనె ఖర్చు తప్పింది" అంది అత్త. ఆ మాటకు కోడలు ఏడుస్తూనే నవ్వింది. మడతమ్మ వాకిట్లోకి వెళ్లి, బొగ్గులు విసురుకుంటున్నట్టుగా కాసేపు వీపు ఇటు పెట్టి కూచుంది. పెట్టెలో నిప్పు లేదు.

జబ్బు లొంగింది. ఆ వైపు చెయ్యి మాత్రం కొద్దిగా వాచింది. ఆపరేషను చేసిన డాక్టరమ్మ ఆ చేతిని మోచేతి పైనా కిందా నొక్కి చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"ఇస్త్రీ అండి."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది. "ఈ చేతికి సెగ తగలకూడదు. బరువు ఎత్తకూడదు. గంటల తరబడి ఒకే పని చెయ్యకూడదు. ఇప్పుడున్నది చిన్న వాపే, జాగ్రత్తపడితే ఇక్కడితో ఆగుతుంది. పడకపోతే చెయ్యి గట్టిపడిపోతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"సెగ, బరువు, గంటల తరబడి," అంది మడతమ్మ. "ఇస్త్రీకి ఇంకేం మిగిలిందమ్మా?"

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, సర్కారు పింఛను సంగతి. చెయ్యో కాలో సరిగ్గా పనిచెయ్యని వాళ్లకు నెలనెలా ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో మెడికల్ బోర్డు కూచుంటుంది, వాళ్లు చూసి వైకల్యం ఎంత శాతమో రాయాలి. కావలసినంత శాతం ఉంటేనే పింఛను. "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. క్యాన్సరు వచ్చిందని ఇవ్వరు. దాని వల్ల ఏ పని చెయ్యలేకపోతున్నారో చూసి ఇస్తారు. ఉన్న ఇబ్బంది ఉన్నట్టు చెప్పండి."

వాళ్ల కొట్టుకు రెండు రకాల పని వచ్చేది. ఒకటి ఇళ్ల బట్టలు. అవి మడతమ్మ ఒక్కతే లాగించగలదు. రెండోది లాడ్జి మూటలు, అంటే దుప్పట్లు, దిండు గలేబులు. ఒక్కో మూట ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఒక్కో దుప్పటికి బల్ల చుట్టూ తిరగాలి. కొడుకు తెచ్చేది ఎటూ చాలదు, ఇల్లు గడిచేది ఆ లాడ్జి మీదే. పింఛను వస్తే లాడ్జిని వదిలేయొచ్చు, కోడలు పెట్టె ముట్టుకోనక్కర్లేదు. రాకపోతే లాడ్జి తప్పదు, లాడ్జితో పాటు కోడలి చెయ్యీ తప్పదు. అందుకే ఆ బోర్డు రోజు కోసం అత్తాకోడళ్లిద్దరూ పరీక్షకు వెళ్లే పిల్లల్లా ఎదురుచూశారు.

ఎదురుగా టీకొట్టాయన సలహాకు కరువులేని మనిషి. "అమ్మా, బోర్డుకి వెళ్లేటప్పుడు కాస్త దీనంగా వెళ్లాలి. నలిగిన గుడ్డలు కట్టించండి. మా బావమరిది కుంటుకుంటూ వెళ్లి తెచ్చుకున్నాడు."

"మీ బావమరిది మామూలుగా కూడా కుంటుతాడుగా."

"మామూలుగా ఒక కాలే. ఆ రోజు రెండూ కుంటాడు."

మడతమ్మ గ్లాసు ఠక్కున పెట్టింది. "ఇస్త్రీ కొట్టులోంచి నలిగిన గుడ్డతో గుమ్మం దిగితే ఇక కొట్టెందుకు? ఉన్న రోగం చాలు, లేని వేషం ఎందుకూ."

బోర్డు రోజు పొద్దున ఇద్దరి బట్టలూ ఆవిడే తీసింది. బొగ్గులు నిగనిగలాడేలా రాజేసి, అంచులు, కుచ్చిళ్లు వేలితో సర్ది సర్ది చేసింది. కోడలు అవి కట్టుకుని వస్తుంటే టీకొట్టాయన, "పెళ్లికా అమ్మా?" అన్నాడు. మడతమ్మకు ఆ మాట బాగానే ఉంది.

జిల్లా ఆసుపత్రి వసారాలో బెంచీల నిండా జనం. కాళ్లు లేనివాళ్లు, కళ్లు లేనివాళ్లు, వాళ్ల వెంట వచ్చి అలిసిపోయినవాళ్లు. తలుపు దగ్గర గుమాస్తా పేరు పిలిచి, "లోపల అడిగినదానికే జవాబు చెప్పండి. ఎక్కువ మాట్లాడొద్దు" అని ఒక్కొక్కరికీ అప్పగింత పాటలా చెప్పి పంపుతున్నాడు. వీళ్లకీ చెప్పాడు. మడతమ్మ తల ఊపింది. జీవితంలో ఆవిడ నిలబెట్టుకోలేని మాట ఏదన్నా ఉందంటే అదే.

లోపల బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. మధ్యలో పెద్దాయన, అటూ ఇటూ చిన్నవాళ్లు. పెద్దాయన కాగితాలు చూస్తున్నాడు. మడతమ్మ ఆయన కోటు చూస్తోంది. కాలరు ఒకవైపు మొలకలా పైకి లేచింది. జేబు మూత లోపలికి మడతపడి అలాగే అతుక్కుపోయింది. రొమ్ము మీద పెట్టె అంచు ఆనిన గుర్తు, పసుపచ్చగా. ఆవిడకు వేలికొసలు జివ్వుమన్నాయి. పక్కవాళ్ల పిల్లాడికి ముక్కు కారుతుంటే తుడవకుండా ఉండలేని ఆడవాళ్లు ఉంటారే, అలాంటి బాధ.

"ఏం పని చేస్తారమ్మా?" పెద్దాయన అడిగాడు.

"ఇస్త్రీ అండి," అంది కోడలు.

"చేతనవుతోందా ఇప్పుడు?"

కోడలు నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో గానీ, అత్త ముందే అందుకుంది.

"మీ కోటు ఎవరు చేస్తారు బాబూ?"

డాక్టర్లు ముగ్గురూ తలెత్తారు. పెద్దాయన తన ఒంటికేసి చూసుకున్నాడు. "ఆసుపత్రి లాండ్రీలో అమ్మా. ఏం?"

"వాళ్లకు పెద్దవాళ్లెవరూ లేరా, చెప్పడానికి? నిలబెట్టి తిట్టాలి. మా కోడలికిచ్చి చూడండి ఒక్కసారి."

చిన్న డాక్టర్లు నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. మంచివాడే. అంతసేపు బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూచున్న మడతమ్మకు ఆ నవ్వుతో ప్రాణం లేచొచ్చింది. తెల్లకోట్లవాళ్లు ముగ్గురు తన మాట వింటున్నారు. అడుక్కోవడానికి వచ్చినవాళ్లం కాదు, పనిమంతులం అని వాళ్లకు తెలియాలనిపించింది. ఇన్నేళ్లుగా గొంతు దాటి రానిది గబగబా బయటికి వచ్చేసింది.

"మా వైపు నాలుగు వీధుల్లో దీని చేతికి సాటి లేదు బాబూ. నేర్పినదాన్ని నేనే, కానీ నన్ను దాటిపోయి చాలాకాలమైంది. నేను చేసిన చొక్కా, ఇది చేసిన చొక్కా పక్కపక్కన పెడితే నాది మొహం చాటేస్తుంది. ఎన్ని వాతలు పడినా, ఎంత రాత్రయినా, మొహం చిట్లించడం నేను చూడలేదు. బంగారం లాంటి పనిమనిషి... పనిమనిషంటే పనిమనిషి కాదు, పనిమంతురాలు."

కోడలు పక్కకు తిరిగి అత్త మొహంలోకి చూసింది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"ఇప్పుడు కూడా చేస్తోందా?" ఎడమవైపు చిన్న డాక్టరు అడిగాడు.

"చెయ్యకేం బాబూ. నాకు జ్వరమొస్తే మొన్న లాడ్జి మూట మొత్తం ఒంటిచేత్తో ఇస్త్రీ చేసి దించింది. నొప్పని ఒక్కమాట అంటే ఒట్టు."

అది అబద్ధం కాదు. ఆ మూట దించిన తర్వాత చెయ్యి ఉబ్బి, గాజు తొడగలేక, వారం పాటు దిండు మీద పెట్టుకుని కూచుంది కోడలు. ఆ మిగతా సగం మడతమ్మ చెప్పలేదు. దాచాలని కాదు. మెచ్చుకోలు మధ్యలో అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

చిన్న డాక్టరు ఏదో రాసుకున్నాడు. పెద్దాయన లేచి వచ్చి కోడలి చేతిని టేపుతో కొలిచాడు, వేళ్లు ముడవమన్నాడు. "ఏదీ, చెయ్యి పైకెత్తమ్మా. ఎంతవరకు లేస్తే అంతవరకే."

ఇంట్లో ఆ చెయ్యి భుజం దాటి లేవదు. దండెం మీద తడిబట్ట వెయ్యాలన్నా అత్తే వెయ్యాలి. కోడలు ఒక్క క్షణం అత్తకేసి చూసింది. తర్వాత చెయ్యెత్తింది. భుజం దగ్గర ఆగలేదు. మెడ నరాలు తేలాయి, కింది పెదవి పళ్ల కిందికి పోయింది, చెయ్యి నిటారుగా లేచి చెవికి ఆనింది.

"నొప్పి ఉందా?"

"కొంచెం అండి."

"దించమ్మా. బాగుంది, వెళ్లండి."

బయటికి రాగానే కోడలు బెంచీ మీద కూలబడి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని రెండోచేత్తో పట్టుకుంది. మొహం మీద చెమట. "ఇంత ఎత్తగలవని చెప్పలేదేం?" అంది అత్త. ఆవిడ గొంతులో సంతోషమే ఉంది. చెయ్యి బాగుపడుతోందనుకుంది పిచ్చిది.

సాయంకాలం గుమాస్తా కాగితం ఇచ్చాడు. చాలినంత శాతం లేదు. సొంత పని సొంతంగా చేసుకోగలుగుతోందని రాశారు. కావాలంటే ఏడాది గడిచాక మళ్లీ పెట్టుకోవచ్చు.

"సొంత పని చేసుకోగలదని వాళ్లకెవరు చెప్పారు?" అంది మడతమ్మ.

గుమాస్తా ఆవిణ్ని ఎగాదిగా చూశాడు. "లోపలికి వెళ్లేముందు ఏం చెప్పానమ్మా నేను? కోటు గురించి ఎవరడిగారు మిమ్మల్ని?"

అప్పటిదాకా ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు అర్థమైంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. దిగేటప్పుడు కోడలే, "జాగ్రత్త అత్తయ్యా, మెట్టు ఎత్తుగా ఉంది" అంది.

మర్నాడు పొద్దున మడతమ్మ ఎవరికీ చెప్పకుండా మళ్లీ జిల్లా ఆసుపత్రికి వెళ్లింది. పెద్ద డాక్టరు భోజనానికి బయటికి వచ్చేదాకా వసారాలో నిలబడింది. అడ్డంగా వెళ్లి, "బాబూ, నిన్న నేను గొప్పకు పోయి నోరు జారాను. దానికి చేతనవదు, చెయ్యకూడదు. నా మాట తీసేసి రాయండి" అంది. చేతులు జోడించింది కూడా. ఆవిడ చేతులు జోడించడం ఆ వీధిలో వాళ్లెవరైనా చూసుంటే నమ్మేవారు కాదు.

ఆయన విసుక్కోలేదు. "అమ్మా, మీ మాట విని మేం శాతం వెయ్యం. మీరు పొగిడినా తిట్టినా ఒకటే మాకు. ఆవిడ చెయ్యి చెవి దాకా లేచింది, అది చూసి వేశాం. లేచిన చేతిని లేవలేదని రాయలేను కదా. ఏడాదయ్యాక తీసుకురండి."

మడతమ్మ గుండెల మీంచి బండ దిగినట్టయింది. నా మాట వల్ల కాదు, చెయ్యి లేచింది కాబట్టి. డాక్టరంతటివాడే అన్నాడు. ఆ మాట చీరకొంగున ముడేసుకున్నట్టు పట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ ఏడాదంతా మనసు ముల్లు పెట్టి గుచ్చినప్పుడల్లా ఆ ముడి తడుముకునేది. అదెందుకు అంత పైకెత్తిందీ అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. అడుగుదామనుకునేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకునేది.

ఏడాది గడవాలంటే లాడ్జి మూటలు దిగాలి. మొదట్లో మడతమ్మ పంతం పట్టింది. "నువ్వు పెట్టె జోలికి వచ్చావో, వాతపెడతా" అని కోడల్ని గదిలో కూచోబెట్టి, దుప్పట్లన్నీ తనే చెయ్యబోయింది. పంతం మనసుకు ఉంటుంది గానీ మోకాళ్లకు ఉండదు. మధ్యాహ్నమయ్యేసరికి కునుకు ముంచుకొచ్చేది. ఒకరోజు నిలబడే కునికింది, లాడ్జివాళ్ల దుప్పటి నడిమధ్యన పెట్టె ఆకారంలో చిల్లు పడింది. లాడ్జి మేనేజరు వచ్చి ఆ చిల్లులోంచి మడతమ్మను చూశాడు.

"పెద్దావిడా, చేతకాకపోతే చెప్పండి. మూటలు ఇంకో చోట ఇచ్చుకుంటాం."

"ఒక్క చిల్లుకే లాడ్జి కూలిపోదులే నాయనా. ఉక్క పోస్తోందని మీవాళ్లే కిటికీలు అడుగుతుంటారుగా."

నవ్వించి పంపింది గానీ, ఆ రోజు నుంచి కోడలు వినలేదు. అత్త మధ్యాహ్నం నడుం వాల్చగానే చప్పుడు కాకుండా వచ్చి బల్ల దగ్గర నిలబడేది. మడతమ్మ లేచి చూసేసరికి దుప్పట్లు దొంతరగా ఉండేవి. తిట్టేది. తిట్టి, వాటిని లెక్కపెట్టి, లాడ్జికి పంపేది. తిట్టడం ఆవిడ ఇష్టం, పంపడం ఇంటి అవసరం. అవి పంపకుండా ఒక్కరోజు ఆపి ఉంటే, కొడుకు పీక పట్టుకుని నెలకో రెణ్నెల్లకో ఇంకాస్త డబ్బు తెమ్మని ఉంటే, టీచరమ్మను చెయ్యి చాచి అడిగి ఉంటే అని తర్వాత చాలా అనుకుంది. అప్పుడు మాత్రం, ఇవాళ్టికి అయిపోయింది కదా అనుకునేది. రోజూ ఇవాళ్టికే అనుకునేది.

వానలు మొదలయ్యే రోజుల్లో కోడలి చేతి మీద చిన్న వాత పడింది. ఇస్త్రీ పనిలో వాతను ఎవరు లెక్కచేస్తారు? రెండోరోజుకు చెయ్యి ఎర్రగా కందింది. ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. జ్వరం దిగింది, చెయ్యి దిగలేదు. గలేబులో దూది కూరినట్టు భుజం నుంచి వేళ్ల దాకా బిర్రుగా ఉండిపోయింది. వేళ్లు సగం దాకానే ముడుస్తాయి. డాక్టరమ్మ నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట కూడా పడలేదు. ఆవిడ ఏమన్నా అంటే మడతమ్మ పడేది. డాక్టరమ్మ కట్టు ఎలా కట్టాలో చూపించి వెళ్లిపోయింది.

లారీ దిగి కొడుకు వచ్చి చూశాడు. "పోనీలే అమ్మా, ప్రాణం దక్కింది" అన్నాడు.

"ప్రాణం దాని గొప్ప, డాక్టర్ల గొప్ప. చెయ్యి మన గొప్ప," అంది తల్లి. వాడికి అర్థమయిందో లేదో, కంచం ముందు కూచున్నాడు.

ఏడాది గడిచాక మళ్లీ బోర్డు. ఈసారి మడతమ్మ లోపలికి వెళ్లలేదు. "తోడు ఎవరమ్మా?" అని గుమాస్తా అడిగితే, "ఎవరూ లేరు, ఒక్కతే వెళ్తుంది" అని బెంచీ చివర గోడకు తిరిగి కూచుంది. తలుపు ఓరగా ఉంది. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"చెయ్యి ఎత్తమ్మా."

కుర్చీ జరిపిన చప్పుడు.

"ఇంకా?"

"ఇంతేనండి."

"పోయినసారి చెవి దాకా ఎత్తినట్టు రాసుందే."

"అప్పుడు లేచిందండి."

గిన్నె పట్టుకోమన్నారు. చేతిలోంచి జారి నేల మీద పడ్డ చప్పుడు. బొత్తం పెట్టుకోమన్నారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పెద్దాయన గొంతు, "చాలమ్మా, వదిలెయ్యి" అంది. బయట బెంచీ మీద మడతమ్మ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూచుంది.

ఈసారి శాతం చాలింది. చాలి మిగిలింది. గుమాస్తా కాగితం ఇస్తూ, "సంతోషమేనా అమ్మా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, అందరినీ అలాగే అడుగుతాడు. మడతమ్మ కాగితం అందుకుని బయటికి నడిచింది. తమ వీధిలోకి రాగానే టీకొట్టాయన ఎదురొచ్చి, "మంజూరైందటగా, ఈ పూట టీ నాది" అన్నాడు.

"నీ టీ నువ్వే తాగు. పంచదార ఎక్కువేస్తావు," అని లోపలికి వెళ్లిపోయింది.

పింఛను రావడం మొదలైంది. లాడ్జికి కబురు చేసి మూటలు ఆపేసింది. టీచరమ్మ బట్టలు తెచ్చి పాత అలవాటుకొద్దీ, "ఇవి చిన్నావిడకి..." అని ఆగిపోయింది. "ఇటివ్వండమ్మా. మునుపటంత బాగుండవు. మునుపటి డబ్బులూ ఇవ్వకండి," అంది మడతమ్మ. అంతకుముందు ఎవరైనా ఆవిడ పనిని ఆ మాటంటే వీధి చివరిదాకా తరిమేది.

కోడలి జుట్టు తిరిగి భుజాల దాకా వచ్చింది. దువ్వుకోవడానికి చెయ్యి తల వెనక్కి పోదు. కాబట్టి రోజూ పొద్దున్నే గది గుమ్మంలో కోడల్ని కింద కూచోబెట్టి, తను పీట వేసుకుని, మడతమ్మే జడ వేసేది.

"మెల్లిగా అత్తయ్యా. అది తలకాయ, లాడ్జి మూట కాదు."

"కుందేలు తోకంత జడకి కూడా ఇన్ని వగలా. కదలకు."

"పాపిడి వంకర పోయింది."

"నీ తలే వంకర. నా తప్పేముంది?"

ఒక పొద్దున ఇలాగే అల్లుతూ అల్లుతూ, మొహాలు ఎదురెదురుగా లేవు కాబట్టి ధైర్యం వచ్చిందో ఏమో, మడతమ్మ అడిగేసింది.

"ఒసేయ్. ఆ మొదటిసారి, లోపల చెయ్యి అంత పైకి ఎందుకెత్తావే? ఇంట్లో భుజం దాటేది కాదుగా. ఎంతవరకు లేస్తే అంతవరకే అన్నాడుగా ఆయన."

జడ కొస చేతిలో పట్టుకుని అత్త ఎదురుచూసింది.

"మీరే అన్నారు కదా అత్తయ్యా."

"నేనెత్తమన్నానా?"

"ఎత్తమనలేదు. నా చేతికి సాటి లేదన్నారు. మిమ్మల్ని దాటిపోయానన్నారు. అంతమంది పెద్దవాళ్ల ముందు మీరు అంతమాట అన్నాక, నేను చెయ్యి సగం దాకా ఎత్తి నిలబడితే మీ మాటేం కావాలి?" కోడలు చిన్నగా నవ్వింది. "ఆ కాసేపూ నొప్పి తెలియలేదు, నిజం. బయటికొచ్చాకే తెలిసింది."

ఏడాదికి పైగా మడతమ్మ కొంగున దాచుకున్న డాక్టరు మాట అప్పుడే, అక్కడే, గుమ్మంలో జారిపోయింది. నా మాట వల్ల కాదు, చెయ్యి లేచింది కాబట్టి అని కదా ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది. చెయ్యి ఎందుకు లేచిందో ఇప్పుడు తెలిసింది.

ఏదో అనాలి. ఆవిడకు రెండు రకాల మాటలే వచ్చు. ఒకటి తిట్టు. రెండోది ఆ ఒక్కరోజు వాడి చూసింది.

"అత్తయ్యా, అయిపోయిందా?"

"ఏది?"

"జడ."

"లేదు. ముందుకు చూడు," అంది మడతమ్మ. కోడలు వెనక్కి తిరగకుండా రెండు చేతులతోనూ తలను గట్టిగా ముందుకు తిప్పి, అల్లిన జడనే విప్పి మళ్లీ చాలాసేపు అల్లింది.